సేవ్ యాజ్ డబ్బా గారికి ఓ బాధితుడు రాయునది

ఫైల్ దాచుకుందామంటే పేరేంటి అని అడుగుతూ స్క్రీన్ మీదకి వచ్చే గౌరవనీయులైన సేవ్ యాజ్ డబ్బా గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరం క్షేమంగా లేము, తమరు మాత్రం నిక్షేపంగా ఉన్నారని స్క్రీన్ మీద చూస్తూనే ఉన్నా.

నిన్న మధ్యాహ్నం 2 గంటలకి వర్డ్‌లో మా పిన్ని అర్జీ టైప్ చేశా. సైటు వాళ్ళు పీడీఎఫ్ మాత్రమే తీసుకుంటాం అన్నారు కదా అని, పేరు దగ్గర ‘పిన్ని అర్జీ.పీడీఎఫ్’ అని చుక్క పెట్టి మరీ కొట్టా. తమరు కిక్కురుమనకుండా సేవ్ చేశారు. ఫోల్డర్‌లో చూస్తే ‘పిన్ని అర్జీ.పీడీఎఫ్’ అనే ఉంది. అప్‌లోడ్ చేస్తే మాత్రం పీడీఎఫ్ ఫైల్ పెట్టండి అంటుంది, మళ్ళీ పెట్టా, మళ్ళీ అదే, బ్రౌజర్ మార్చా, వైఫై ఆపి ఫోన్ డేటా పెట్టా, సైటుని తిట్టా, ఆ ఊపులో ప్రభుత్వాన్ని కూడా తిట్టేశా (పాపం ఈ ఒక్కసారికి వాళ్ళ తప్పేం లేదు). 4 దాటాక ప్రాపర్టీస్ తెరిస్తే అప్పుడు తెలిసింది, దాని అసలు పేరు ‘పిన్ని అర్జీ.పీడీఎఫ్.డాక్స్’ అంట!

అంటే నేను పెట్టిన తోకకి (అదే, చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్‌కి) ఇంకో తోక, వర్డ్ ఫైళ్ళ తోక, తగిలించారు. మీరు తగిలించింది మీ ఇంటి వాళ్ళు, అంటే విండోస్ వాళ్ళు, దాచేశారు. ఫైల్ పేరు పక్కనున్న బొమ్మ చూసుకోవాల్సింది అంటారా, ఆవగింజంత ఉంది అది.

పేరు వేరు, ఫార్మాట్ వేరు, కింద లిస్టులో మార్చుకోవాలి, తెలుసండీ. కానీ పైన పీడీఎఫ్ అని, కింద డాక్స్ అని తేడా కనబడుతున్నప్పుడు ‘బాబూ, ఇందులో నీకేది కావాలి’ అని ఒక్క ముక్క అడగొచ్చుగా. అడగడం రాదా అంటే, పాత ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైల్ (కామాలు పెట్టి రాసే ఉత్త పట్టిక) తెరిచి ఒక్క అంకె మార్చి సేవ్ కొడితే చాలు, ఇదే ఫార్మాట్‌లో ఉంచమంటారా, ఏవో ఫీచర్లు పోతాయేమో అని ఒకటే నస పెట్టేవారు. ఇంకా మీ చుట్టం ఒకాయన ఉన్నాడు, ‘మీటింగ్ 12.08.2024’ అని పేరు పెడితే 2024 అనేదే ఎక్స్‌టెన్షన్ అనుకుని అసలు తోకే పెట్టకుండా వదిలేశాడు. ఆయనకి సంవత్సరం కూడా ఎక్స్‌టెన్షన్‌లా కనబడింది, మీకు పీడీఎఫ్ కనబడలేదా?

సరే తోకలు కనబడేలా సెట్టింగ్ మార్చి, రీనేమ్ చేసి ఆ డాక్స్ పీకేద్దామంటే, ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైల్ పనికిరాకుండా పోవచ్చు అని వార్నింగ్. సేవ్ చేసేటప్పుడు ఏమైంది ఈ నోరు? అయినా పీకేశా. సైటు తీసుకుంది కూడా. ప్రివ్యూ నొక్కితే ఫైల్ తెరుచుకోదు. ఎందుకు తెరుచుకుంటుంది, 2007 నుంచి డాక్స్ అంటే ఎక్స్ఎంఎల్ ముక్కలు కట్టిన జిప్ మూట, హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోస్తే హార్లిక్స్ అయిపోతుందా!

ఇంక మర్యాద నా వల్ల కాదు. 2000 మే నెలలో ఐ లవ్ యూ వైరస్ ఇలాగే వచ్చింది కదా, పైకి డాట్ టీఎక్స్‌టీ, చివర్న దాక్కున్నది డాట్ వీబీఎస్ (నొక్కగానే నడిచే ప్రోగ్రాం), ప్రేమలేఖ అనుకుని ప్రపంచమంతా నొక్కింది. ఇన్నేళ్ళయినా తోక దాచే బుద్ధి పోలేదు మీ ఇంట్లో. నేను పీడీఎఫ్ అని కొడితే పీడీఎఫ్ చెయ్. చేతకాకపోతే అడుగు. అడగడం నామోషీ అయితే కనీసం ఏం చేశావో కనబడేలా చెయ్, అంతేగానీ నా మొహం మీదే తలూపి వెనక నీ ఇష్టమొచ్చింది చేసుకోకు.

చివరికి లిస్టులో పీడీఎఫ్ ఎంచుకుని సేవ్ చేసేసరికి 5 దాటింది, సైటు మూసేశారు. పిన్నికి ఇదంతా వివరంగా చెప్పా, చుక్క, తోక, జిప్ మూట, అన్నీ. ఓపిగ్గా విని, ‘‘పదేళ్ళ నుంచి కంప్యూటర్ ఉద్యోగమే కదరా నీది’’ అంది.

ఇట్లు,
ఓ బాధితుడు.పీడీఎఫ్.డాక్స్