సభ్యులు రాకపోతేనే సంఘం చల్లగా ఉంటుంది

జాతీయ స్థాయి సంఘాలను తిట్టిపోయడం ఈ మధ్య ఫ్యాషన్ అయిపోయింది. ఎన్నేళ్లయినా అదే అధ్యక్షుడట, లెక్కలు అడిగితే చెప్పరట, సర్వసభ్య సమావేశం నోటీసు సమావేశం అయ్యాక అందిందట. సంఘం తమ కోసమే ఉందన్న భ్రమ కొద్దీ సణిగే సణుగుడు ఇది. దేశం నలుమూలలా చెల్లాచెదురుగా ఉన్న కొన్ని వేలమందిని ఒక్కతాటి మీద నడపాలంటే ముందు వాళ్లెవరూ ఒకచోటికి రాకుండా చూసుకోవాలి. ఈ కిటుకు పట్టుబడితే బులెటిన్‌లో ‘పాలనా వ్యవహారాలు’ పేజీ మొత్తం దానంతటదే అర్థమవుతుంది.

కోరం సంగతే చూడండి. సంఘంలో ఐదువేలమంది సభ్యులు అనుకుందాం. పదోవంతు హాజరైతేనే సభ చెల్లుతుందని సంఘం నియమావళి, అదే బైలా. అంటే ఐదొందలమంది. హాల్లో ఉన్నది నలభైమంది, అందులో పాతికమంది వేదిక మీదే. అధ్యక్షులవారు గడియారం వంక చూసి, కోరం లేనందున సభను అరగంట వాయిదా వేస్తున్నామని గంభీరంగా ప్రకటిస్తారు. కుర్చీలోంచి ఎవరూ లేవరు. ఒకరిద్దరు ఫోన్లు చూసుకుంటారు. అరగంట గడిచాక అదే హాల్లో, అదే మైకు ముందు, అదే నలభైమందితో సభ మొదలవుతుంది. వాయిదాపడ్డ సభకు కోరం అక్కర్లేదని తర్వాతి వాక్యంలోనే రాసి ఉంటుంది మరి. చాలా సంఘాల బైలాల్లో కనపడే వాక్యమే ఇది. ఆ అరగంటలో కొత్తగా ఏం జరిగిందని అడిగేవాళ్లకు చట్టం తెలీదన్నమాట.

ఇందులో ఇంకో లోతు ఉంది. ఆ ఐదువేలలో కాలం చేసినవాళ్లు ఎంతమందో ఎవరికీ తెలీదు. జీవిత సభ్యత్వం రుసుము ఒకేసారి కట్టించుకుంటారుగానీ, ఆ జీవితం ఎప్పుడు ముగిసిందో కనుక్కునే ఏర్పాటేమీ ఉండదు. చిరునామాలో లేరంటూ బులెటిన్ తిరిగొచ్చినా పేరు మాత్రం జాబితాలోంచి కదలదు, ఎందుకంటే ఐదువేల సభ్యుల సంఘమని లెటర్‌హెడ్ మీద అచ్చేయించేశారు. పోయినవాళ్లు ఓటు వెయ్యరుగానీ, కోరం మాత్రం పెంచుతూ పోతారు. బతికున్నవాళ్లు తగ్గేకొద్దీ కోరం అందనంత ఎత్తుకు వెళ్తుంది. బైలా సవరించి కోరం తగ్గించుకోవచ్చుగా అంటారేమో. భేషుగ్గా తగ్గించుకోవచ్చు. కాకపోతే వాయిదాపడ్డ సభలో బైలా సవరణలు చెల్లవు, వాటికి పూర్తి కోరం కావాలి. ఇంత పకడ్బందీగా రాసిన వ్యవస్థాపకుల ఫోటోకు ఏటా దండ వేస్తున్నారంటే ఊరికే వేస్తున్నారా!

సభ్యులు నిజంగానే తరలివస్తే ఏమవుతుందో చరిత్ర చెబుతూనే ఉంది. 1863లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరును ఒక చర్చిలో జరిగే సభకు అధ్యక్షత వహించమన్నారు. పాపం, సభ ఎలా నడపాలో ఆయనకు తెలీదు. అది కాస్తా రసాభాస అయింది. ఆ అవమానం ఎంత లోతుగా దిగిందంటే, 1876లో సభల నిర్వహణకు ఏకంగా ఒక నియమాల పుస్తకమే అచ్చేయించాడు. ఇవాళ ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అని లేచే ప్రతి పెద్దమనిషీ ఆ ఒక్క సాయంత్రానికి ఎంతో కొంత రుణపడి ఉన్నాడు.

లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ కథ ఇంతకంటే ముచ్చటైనది. 1892లో దాని కార్యవర్గం మహిళలను కూడా ఫెలోలుగా, అంటే పూర్తి స్థాయి సభ్యులుగా చేర్చుకోవాలనుకుంది. జపాన్, పర్షియా, టిబెట్ సరిహద్దులు తిరిగొచ్చిన ఇసబెల్లా బర్డ్ లాంటివాళ్లు మొత్తం 22 మంది చేరారు. అంతే, ఎన్నడూ గడప తొక్కని సభ్యులందరికీ సంఘం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. 1893లో ప్రత్యేక సమావేశం పెట్టి మరీ తలుపు మూసేశారు. చేరిన 22 మందిని తియ్యరు, ఇరవైమూడో మహిళను చేర్చుకోరు. కొండలూ ఎడారులూ దాటినవాళ్లకు అడ్డొచ్చిన ఏకైక భౌగోళిక అవరోధం సర్వసభ్య సమావేశమే అయింది. అప్పట్లో గట్టిగా వ్యతిరేకించినవారిలో కర్జన్ ఒకరు, తర్వాత వైస్రాయిగా వచ్చి బెంగాల్‌ను విడగొట్టిన ఆయనే. 1913లో మళ్లీ మహిళలకు తలుపు తెరిచినప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, ఈసారి అనుకూలం! సభ్యుడిగా వద్దన్నది అధ్యక్షుడయ్యాక ముద్దనిపించడం సంఘాల్లో కొత్తేమీ కాదులెండి.

ఎన్నికల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పదవులెన్నో నామినేషన్లూ అన్నే, కాబట్టి ఏకగ్రీవం. రెండు దఫాలకు మించి ఒకే పదవిలో ఉండరాదన్న నియమాన్ని తుచ తప్పకుండా పాటిస్తారు. అధ్యక్షుడు కోశాధికారి అవుతాడు, కోశాధికారి కార్యదర్శి అవుతాడు, కార్యదర్శి అధ్యక్షుడవుతాడు. ఇంకా ఎవరైనా అలిగితే ఒక ఉపాధ్యక్ష పదవి సృష్టిస్తారు. కమిటీలో జనం ఇరవై దాటేసరికి ఇక ఏ పనీ కాదని బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్‌సన్ 1957లో లెక్కలు కట్టి మరీ చమత్కరించాడు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు సగం మందితోనే తేల్చేశారనుకోండి. ఏదేమైనా పాము బతికుండటమే కార్యవర్గానికి కావలసింది.

సభలో జరిగింది నమోదు చేసే మినిట్స్ రాయడం మాత్రం విద్యల్లోకెల్లా విద్య. “ఏడో పద్దు విషయమై సభ్యులొకరు వివరణ కోరారు. కోశాధికారి వివరించారు. సభ సంతృప్తి వ్యక్తం చేసింది.” మూడే వాక్యాలు. ఆ మూడు వాక్యాల వెనక ముప్పావుగంట కేకలున్నాయని, మధ్యలో మైకు తీసేశారని, ఏడో పద్దు పేరు ‘ఇతర ఖర్చులు’ అని, అది మొత్తం ఖర్చులో సగమని చదివినవాడికి తెలిసే వీల్లేదు. అడిగినవాడి పేరు కూడా ఉండదు. పైఏడు ఇవే మినిట్స్‌ను ఆమోదించమని అడిగినప్పుడు అతను చెయ్యెత్తి అభ్యంతరం చెప్పబోతే, దాన్ని ‘ఇతర అంశాలు’ కింద చివర్లో తీసుకుందామంటారు. చివర్లో సమయం ఉండదు.

‘సభ్యుల వార్తలు’ అన్న పేజీలో మాత్రం సభ్యులు కనిపిస్తారు. పైభాగంలో విశిష్ట సేవా పురస్కారం అందుకుంటున్న ఉపాధ్యక్షుల ఫోటో. ఎంపిక సంఘంలో ఆయనా ఉన్నారుగానీ, తన పేరు చర్చకొచ్చినప్పుడు హుందాగా బయటికెళ్లి వరండాలో నిలబడ్డారు. తలుపు తీసే ఉంచారట. అడుగున నివాళులు. కాలం చేసిన సభ్యుడు ముప్పై ఏళ్లపాటు రాసిన ఏ ఉత్తరానికీ జవాబివ్వని సంఘం, ఇప్పుడు ఆయన సూచనలు తమకు సదా మార్గదర్శకమని రాస్తుంది. ఫోటో దొరక్కపోతే కొవ్వొత్తి బొమ్మ వేస్తారు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థకు ఇప్పుడు కొత్త టెన్షన్ మొదలైంది. ఓటింగ్ ఆన్‌లైన్‌లో పెట్టమని కుర్ర సభ్యులు పట్టుబడుతున్నారు. అంటే రాకుండానే ఓటెయ్యొచ్చు! గైర్హాజరు మీద ఆధారపడి బతుకుతున్న సంఘానికి ఇది మామూలు దెబ్బ కాదు. అయితే కార్యవర్గం ఏమాత్రం తొణకలేదు, ఈ ప్రతిపాదనను సూత్రప్రాయంగా స్వాగతించింది. సాధ్యాసాధ్యాల పరిశీలనకు కార్యవర్గ సభ్యులతోనే ఒక ఉపసంఘం వేసింది. నివేదిక ఇవ్వడానికి ఉపసంఘానికి ఇచ్చిన గడువు, వచ్చే ఎన్నికలు ముగిసిన మర్నాటితో ముగుస్తుంది.