రెండు సాళ్లు ఎందుకు పలచబడ్డాయి?

బాలానగర్‌లో మా అక్క కొడుక్కి లేత్, వెల్డింగ్ షెడ్డు ఉంది. వరికోతలు మొదలవకముందే మా అన్న చేవెళ్ల నుంచి జీరో టిల్లేజ్ డ్రిల్‌ను ట్రాలీలో వేసుకుని అక్కడికి తెచ్చాడు. తొమ్మిది కర్రుల యంత్రం. పొలం దున్నకుండా, వరి కొయ్యకాళ్ల మధ్యనే సన్నటి గాడి చేసి విత్తనం వేస్తుంది. నిరుడు యాసంగిలో దానితో మక్కజొన్న వేశాం. రెండో కర్రు, ఐదో కర్రు, ఎనిమిదో కర్రు మాత్రమే వాడాం. సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు వచ్చింది. నడిమి సాలు నిండుగా మొలిచింది. అటూ ఇటూ ఉన్న రెండూ పొలం పొడుగునా పలచబడ్డాయి. యంత్రాన్ని మార్చాలని అన్న, ముందు బాగుచేయాలని మేనల్లుడు. ఆ పొలంలో సగం నాది కాబట్టి ప్రతి మాటా శ్రద్ధగా విన్నాను. వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్న పిలుపులతోనే రాస్తున్నాను.

మామ: డిస్కులు వేయాల్సిందే అల్లుడా. ప్రతి కర్రు ముందు గడ్డి కోసే డిస్కు ఒకటి, వెనక మట్టిని నొక్కే చక్రం ఒకటి. నిరుడు గడ్డి చుట్టుకుంటుంటే ఎన్నిసార్లు దిగి పీకానో లెక్కే లేదు.

అల్లుడు: వేయమంటే వేస్తాను మామా, నాకది పనే. కానీ డిస్కు గడ్డిని కోయాలంటే పైన బరువుండాలి, కింద నేల గట్టిగా ఉండాలి, గడ్డి ఎండి ఉండాలి. వరి కోసిన వారానికి మన మడిలో ఈ మూడూ ఉండవు. అప్పుడు డిస్కు గడ్డిని కోయదు, మడతపెట్టి గాడిలోకి తోస్తుంది. విత్తనం ఆ మడత మీద పడుతుంది. మట్టి తగలని విత్తనానికి పదును ఎక్కడ దొరుకుతుంది?

మామ: కర్రులకు చుట్టుకుంటే మాత్రం బాగుందా?

అల్లుడు: మూడు కర్రులతో విత్తావు సరే, మిగతా ఆరు ఎందుకు తీయలేదు? అవి దువ్వెన పళ్లలాగా గడ్డినంతా పోగుచేశాయి.

మామ: బోల్టులు తుప్పు పట్టిపోయి కదల్లేదు.

అల్లుడు: అదే నేను చెప్పేది. ముందు బోల్టులు కదలనీ, డిస్కుల సంగతి తర్వాత చూద్దాం. కోత మిషన్ వెనక గడ్డి వరసగా కుప్పపడుతుంది. దాన్ని పొలమంతా పరచాలి, లేదా బయటికి తీసేయాలి. ఆ పని చేయకుండా డ్రిల్‌ను ఎంత మార్చినా లాభం లేదు.

ఇంతలో మేనల్లుడు ఎరువు పెట్టె మూత తీశాడు. లోపల డీఏపీ గడ్డకట్టి రాయిలా ఉంది. రోలర్ ఇరుసు చేత్తో తిప్పితే తిరగలేదు. విత్తడం అయిపోయాక మిగిలిన ఎరువు తీసి, నీళ్లతో కడిగి, ఎండబెట్టి, ఇరుసుకు నూనె రాయాలి. గంట పని. ఆ సాయంత్రం పెట్టె కడగకుండా వదిలేసింది నేనే. ఎరువుకు రాత్రి చెమ్మ చాలు, ఇనుమును తినేస్తుంది. వాళ్ల వాదనకు అడ్డొచ్చి ఈ సంగతి నేనే చెప్పాను.

మామ: సరే, కడుక్కుంటాం. కానీ ఎంత కడిగినా ఇది మన నేల కోసం పుట్టిన యంత్రం కాదు. ఈ తలకిందుల టీ ఆకారపు కర్రు న్యూజిలాండ్ నుంచి వచ్చింది. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని మన ట్రాక్టర్లకు సరిపడేలా మార్చారు. అదీ వరి తర్వాత గోధుమ వేయడానికి. వాళ్లు మార్చుకున్నప్పుడు మనం మార్చుకుంటే తప్పేంటి? మా నాన్న విత్తనం వేసే జడ్డిగం గొర్రుకు కూడా పంటను బట్టి పళ్ల ఎడం మార్చేవాడు.

అల్లుడు: తప్పని అనడం లేదు. ఏది చెడిందో తెలియకుండా మార్చొద్దంటున్నాను. ఇటు చూడు.

షెడ్డులో సిమెంటు గచ్చు చదునుగా ఉంటుంది. డ్రిల్‌ను మట్టంగా నిలబెట్టి, కర్రుల మొనల కింద పొడవాటి చెక్క పెట్టాడు. ఎనిమిదో మొన చెక్కకు తగలకుండా వేలెడు పైన నిలిచింది. కాడ వెనక్కి వంగింది.

అల్లుడు: డ్రిల్ కిందికి దించి ఉండగానే ట్రాక్టర్ వెనక్కి తీశారు. కాడ వంగేదీ అప్పుడే, విత్తనం దిగే గొట్టం మూతిలో మట్టి కూరుకునేదీ అప్పుడే. పైన పెట్టెలో విత్తనం తగ్గడం లేదని తెలిసేలోగా పది సాళ్లు ఉత్తగా పోతాయి. లోపల విత్తనం కనిపించే ప్లాస్టిక్ గొట్టాలు వేస్తే ఈ టెన్షన్ ఉండదు. ఇంకోటి, మన చల్కా నేల ఇసుక మొనల్ని అరగదీస్తుంది. టీ రెక్కలు అరిగిపోతే మిగిలేది ఉత్త వి ఆకారపు గాడి. అది త్వరగా ఆరిపోతుంది. మొనల మీద గట్టి వెల్డింగ్ పోస్తాను.

మామ: ఎనిమిదోది వంగింది, ఒప్పుకున్నా. మరి రెండోది? అది చెక్కకు చక్కగానే తగిలింది కదా. దాని సాలు ఎందుకు పలచబడింది?

మేనల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. వాదన మలుపు తిరిగింది ఇక్కడేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మామ: నేను చెబుతాను. రెండు, ఎనిమిది సరిగ్గా ట్రాక్టర్ వెనక టైర్ల జాడలో పడతాయి. మెత్తటి మడిలో టైరు తొక్కిన చోట నేల అణిగి గట్టిపడుతుంది. అక్కడ కర్రు పైపైనే పోతుంది. ఐదోది టైర్ల నడుమ ఉంటుంది, అందుకే నిండుగా మొలిచింది. దీనికి గ్రీజు పెడితే నయమవుతుందా?

అల్లుడు: ఇది నాకు తట్టలేదు మామా.

మామ: అందుకే మారుద్దాం అంటున్నా.

అల్లుడు: డిస్కులు వేసినా ఆ గట్టి నేల అట్లాగే ఉంటుంది. కర్రుల చోటు మార్చాలి. మూడు కాదు, నాలుగు పెడదాం. నడిమి నుంచి అటు 30, ఇటు 30. ఆ తర్వాత అటు 90, ఇటు 90. ఎడం 60 సెంటీమీటర్లే, సాళ్లు నాలుగవుతాయి, టైరు జాడలో ఒక్కటీ పడదు.

మామ: విత్తనం పడే తీరు మాత్రం? పెట్టెలోంచి గింజల్ని గొట్టంలోకి వదిలే ఆ గాళ్ల రోలర్ వరికి, గోధుమకు సరే. మక్క గింజను ఒకచోట మూడు వేస్తుంది, ఇంకోచోట ఒక్కటీ వేయదు.

అల్లుడు: అది మాత్రం మార్చాల్సిందే, అందులో నీతో వాదన లేదు. గుంటకో గింజ చొప్పున ఎత్తి వేసే వాలు పళ్లేల పెట్టెలు నాలుగు వేద్దాం. సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యం పరిశోధన సంస్థ వాళ్ల విత్తే యంత్రంలోనూ వాలు పళ్లెమే. నేల మీద దొర్లుతూ పళ్లేన్ని తిప్పే చక్రం చుట్టుకొలత మీటరున్నర. గింజకూ గింజకూ 20 సెంటీమీటర్లంటే ఒక చుట్టుకు ఏడున్నర గింజలు పడాలి. పళ్లేనికి పది గుంటలుంటే, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడు పళ్లెం ముప్పావు చుట్టు తిరగాలి. చక్రం వైపు పదిహేను పళ్ల స్ప్రాకెట్, పళ్లెం వైపు ఇరవై పళ్లది. రాణిగంజ్‌లో దొరుకుతాయి.

మామ: చక్రం జారితే?

అల్లుడు: పదో వంతు జారినా 20 కాస్తా 22 అవుతుంది. అందుకే చక్రానికి అరిగిన గోళ్లు కొత్తవి వేస్తాను. యూరియా మాత్రం విత్తనంతో కలిపి వేయొద్దు, మొలక మాడిపోతుంది.

మామ: మరి నొక్కుడు చక్రాలు?

అల్లుడు: చల్కాలో మంచివే. తడి మడిలో మట్టి మెత్తుకుని విత్తనాన్నే పైకి లాగుతాయి.

మామ: మెత్తుకోకుండా చేయడం నీ పని. గాడి మూసుకోకపోతే ఎండకు పగిలి నోరు తెరుస్తుంది. ఇది వదలను.

దీని మీద ఇద్దరూ చాలాసేపు గట్టిగానే మాట్లాడుకున్నారు, ఒప్పందానికి రాలేదు. ఈలోగా మేనల్లుడు డ్రిల్ చట్రం కొలిచాడు. 190 సెంటీమీటర్లు. అటు చివరి కర్రుకూ ఇటు చివరి కర్రుకూ మధ్య 180 కావాలి. అన్న ఊళ్లో ఉన్న డ్రైవర్‌కు ఫోన్ చేసి, వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచుకు ఎంతో టేపు పెట్టి కొలవమన్నాడు. 170 అని చెప్పాడతను.

మామ: అంటే టైరు అంచు దాటి అటు ఐదు, ఇటు ఐదు. అంతే చోటు.

అల్లుడు: కర్రు వెడల్పు రెండున్నర. పడుతుంది. ముందు ఈ బోల్టులకు డీజిల్ పోయనీ, రేపటికి కదులుతాయి.