సర్దుకుంటే సరిపోయే లెక్క

రాజమహేంద్రవరం కోటిపల్లి బస్టాండు నుంచి ధవళేశ్వరం వెళ్లడానికి ఆర్టీసీ బస్సు చవకా, షేర్ ఆటో చవకా అన్నది టికెట్టు ధర చూసి తేల్చే విషయం కాదని నా నిశ్చితాభిప్రాయం. బస్సుకు చెల్లించే మూల్యంలో టికెట్టు చివరి వాయిదా మాత్రమే. అంతకుముందు ఎండకు తాళలేక తాగిన సోడా, ఆ బడ్డీకొట్టు నీడలో ఊరికే నిలబడలేక మొహమాటానికి కొన్న అరటిపళ్లు, "ఇప్పుడే వెళ్లిపోయిందండీ" అన్న మాట విన్నందుకు కలిగిన మనస్తాపం, ఇవన్నీ పద్దులో రాయవలసినవే. రైలు కంటే కాలువలో పడవ ప్రయాణమే చవక అని వాదించిన కాటన్ దొర సైతం రేవులో పడిగాపుల ఖర్చు కట్టాడో లేదో నాకు అనుమానమే.

ఆటో వెంటనే దొరుకుతుంది గాని నిండేదాకా కదలదు, నిండడం అన్నదానికి ఆ శాస్త్రంలో నిర్వచనం లేదు. ముగ్గురు ప్రయాణికులకు అనుమతి ఉన్న బండిలో ఎనిమిదోవాడినై ఎక్కబోతే, డ్రైవరు తాను అరజానెడు జరిగి, "సర్దుకోండి బాబాయ్, రెండు నిమిషాలే" అని తన కుడిపక్కన ఒక తుంటికి సరిపడా జాగా చూపించాడు. వెనక సీటులో వీపు ఆనించుకున్న ఆసామీ, గాలిలో కుడికాలు వేలాడదీసుకున్న నేను, ఇద్దరమూ ఇచ్చింది 20 రూపాయలే. సామ్యవాదం ఇంత నిక్కచ్చిగా మరెక్కడా అమలు కావడం నేను చూడలేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ లెక్క మా ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి సున్నా రూపాయల టికెట్టు తీసుకుంటుంది, ఆ సున్నా విలువను ప్రభుత్వం ఆర్టీసీకి భర్తీ చేస్తుంది. ఆడవాళ్లు బస్సులెక్కడంతో ఆటోలకు గిరాకీ తగ్గిందని అదే ఏడాది అక్టోబరులో డ్రైవర్లకు తలా 15,000 రూపాయలు కూడా ఇచ్చింది. అంటే బస్సులో నిండిన సీటుకూ, ఆటోలో ఖాళీ అయిన సీటుకూ డబ్బు ఒకే ఖజానాలోంచి పోతున్నది. ఆ ఖజానాకు పన్ను కట్టేవాడిని కనుక బస్సుకూ ఆటోకూ పోషకుణ్ణి నేనేనని, ఆవిడ టికెట్టు సైతం నేను కొన్నట్టేనని భోజనాల దగ్గర సవివరంగా నిరూపించాను.

ఆవిడ అంతా ఓపికగా విని, "రెండింటికీ మీరే కట్టినప్పుడు, ఆ ఖాళీ అయిన సీటులో కూర్చోకుండా డ్రైవరు పక్కన వేలాడడం దేనికండీ?" అని అడిగి, నా నడుముకు రాయడానికి జండూబామ్ తేవడానికి లోపలికి వెళ్లింది.