న్యూస్‌అవర్ మనకెందుకు?

(కావలిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన వద్ద చదువుకుని అల్లూరు వైపు రొయ్యలు సాగు చేస్తున్న రైతు)

మాస్టారు: నాయనా, ప్రపంచ వార్తలు వినదలిస్తే బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో 1988 నుంచి వస్తున్న గంటసేపటి రేడియో వార్తా కార్యక్రమం న్యూస్‌అవర్ విను. మన ప్రైవేటు ఎఫ్‌ఎంలకు ఆకాశవాణి బులెటిన్లను యథాతథంగా వినిపించడం తప్ప సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు.

రైతు: ఆకాశవాణి ఉండగా లండన్ గొంతు దేనికి మాస్టారూ? 2014 దాకా ఆ సర్వీసును పోషించింది బ్రిటన్ విదేశాంగ శాఖే. ఇప్పటికీ కొంత సొమ్ము ప్రభుత్వానిదే. ఎవరి ఉప్పు తింటే వారి పాట పాడరా?

మాస్టారు: అనుమానం సబబే, దాన్ని వదులుకోవద్దు. అయితే 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టుపై యుద్ధానికి దిగిన బ్రిటన్ ప్రధాని ఈడెన్ ప్రభుత్వాన్ని ప్రతిపక్ష నాయకుడు గైట్స్‌కెల్ తప్పుపట్టగా, ఆ ప్రసంగాన్ని బీబీసీ విదేశాలకు కూడా వినిపించింది. నిధుల్లో కోత పెడతామని పాలకులు బెదిరించినది అప్పుడే. న్యూస్‌అవర్‌లో నాకు నచ్చేదీ ఆ గుణమే: మంత్రి ప్రశ్నను దాటవేస్తే వ్యాఖ్యాత అదే ప్రశ్నను మళ్లీ అడుగుతారు, జవాబుకు ముందు ఆయన తడుముకోవడం మనకు స్పష్టంగా వినిపిస్తుంది. అచ్చులో అది కనిపించదు.

రైతు: ఆ ప్రశ్నల్లో మాది ఏదండీ? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కొనుగోలుదారు మా చెరువు గట్టు మీదే నిలబడి వంద కౌంటుకు, అంటే కిలోకు వంద తూగే రొయ్యకు, ధర తగ్గించాడు.

మాస్టారు: గట్టు మీది ధర నీకు తెలుసు. అందులో సగం సుంకం రష్యా చమురు పేరుతో పడిందనీ, మనకు పోటీ అయిన ఈక్వెడార్ సరుకుకు అప్పట్లో 15 శాతమేననీ ఎగుమతిదారుకు ముందే తెలుసు. వాషింగ్టన్, మాస్కో, ఈక్వెడార్ రాజధాని కీటో ఒకే గంటలో వినిపించే చోటు నీకూ ఉండాలంటున్నాను.

రైతు: తెలిస్తే మాత్రం ధర పెరుగుతుందా? పట్టుబడికి వచ్చిన రొయ్యను మేత వేస్తూ ఎన్నాళ్లు ఆపను? పైగా ఆ ఇంగ్లీషు వేగం నాకు సగమే అందుతుంది. 2017 అక్టోబరు 2న మొదలైన బీబీసీ తెలుగు ఉంది కదా, అది చదువుకుంటాను.

మాస్టారు: చదువుకో. కానీ ఆ గంటసేపటి నిలదీత తెలుగులో లేదు. పాడ్‌కాస్టుగా ఫోనులోనే దొరుకుతుంది. రాత్రి చెరువు కాపలాలో రెండుసార్లు వింటే సగం కాస్తా ముప్పాతిక అవుతుంది.

రైతు: చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే పక్క మనిషి మాటే వినపడదు మాస్టారూ. అయినా సుంకాల మాటో, ఈక్వెడార్ మాటో వచ్చిన రోజు లింకు పంపండి. మిగతా రోజుల సంగతి తర్వాత చూద్దాం.