పదిహేడు బ్యాడ్జీలు, ఒక గొడుగు

మా బడిలో హెచ్‌ఎం గారు కాక పాఠాలు చెప్పేవాళ్లం పదకొండు మందిమి. సంఘాలు నాలుగు. ఇదేమంత ఎక్కువ కాదు. పక్క మండలంలో ఒక బడిలో ఇద్దరు టీచర్లకు మూడు సంఘాలున్నాయని చెబుతారు. నమ్మకపోవడానికి నాకు కారణమేదీ కనిపించలేదు.

మాది జగిత్యాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను జీవశాస్త్రం చెబుతాను. 2024 నవంబరు 28, గురువారం సాయంత్రం ఇంటికి వెళ్లి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేలోపే ఫోను గిలగిల కొట్టుకోవడం మొదలుపెట్టింది. పదో తరగతిలో ఇంటర్నల్ మార్కులు రద్దు, ఇక వంద మార్కులకూ పబ్లిక్ పరీక్షే, అదీ ఈ ఏడాది నుంచే అని ఉత్తర్వు వచ్చిందట.

బడి గడప తొక్కి చాలాకాలమైన వాళ్ల కోసం ఇంటర్నల్స్ సంగతి కాస్త చెప్పాలి. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో సబ్జెక్టుకు పబ్లిక్ పరీక్ష 80 మార్కులు, బడిలో వేసేవి 20. ఆ ఇరవై కోసం ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు. ఒక్కోదానిలో మళ్లీ నాలుగు ముక్కలు: పిల్లల ప్రతిస్పందన, రాతపని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ముక్కకు అయిదు మార్కులు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో ప్రాజెక్టు పని అంటే, పిల్లవాడు జిరాక్స్ సెంటరులో ఇరవై రూపాయలిస్తాడు, వాళ్లు ‘ప్లాస్టిక్ వల్ల అనర్థాలు’ అని రంగుల్లో అచ్చు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి చేతికిస్తారు. నేను అయిదుకు నాలుగు వేస్తాను. అయిదు వేస్తే అంతరాత్మ ఒప్పుకోదు, మూడు వేస్తే తండ్రి ఒప్పుకోడు.

ఇన్నేళ్లూ ఈ ఇరవై మార్కులను స్టాఫ్ రూములో తిట్టనివాళ్లు లేరు. కొన్ని బళ్లు ఇరవైకి ఇరవై అప్పనంగా పంచిపెడుతున్నాయని కొందరు, రికార్డులు రాయలేక నడుములు పడిపోతున్నాయని కొందరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే వీటిని తీసేశారు. అక్కడ టీచరుగా ఉన్న మా బావమరిది పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా నా వైపు జాలిగా చూసేవాడు. కానీ ఈ ఇరవై మార్కులు మేలు చేయలేదనడానికీ లేదు. 2020లో కరోనా వచ్చి పబ్లిక్ పరీక్షలు ఆగిపోయినప్పుడు రాష్ట్రంలో అయిదు లక్షల మందికి పైగా పిల్లలు ఒడ్డెక్కింది ఈ మార్కులతోనే. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదినట్లు అని మనవాళ్లు వెక్కిరింతకు అంటారు గానీ, ఆ ఏడాది నిజంగానే ఈదారు.

కాబట్టి రద్దయిందంటే సంబరపడాలి. అయితే అప్పటికి రెండు ఫార్మేటివ్‌లు, ఒక సమ్మేటివ్ (అర్ధ సంవత్సర పరీక్ష) అయిపోయాయి. రికార్డులు రాసేశాం, మార్కులు ఎక్కించేశాం. పెళ్లి భోజనాలు సగంలో ఉండగా ముహూర్తం మార్చామంటే పెళ్లివారికి ఎలా ఉంటుందో మాకూ అలాగే ఉంది.

ఆ రాత్రి మా బడి వాట్సాప్ గ్రూపులో ఉమ్మడి ప్రకటన తయారీ మొదలైంది. రద్దు మంచిదే గాని వచ్చే ఏడాది చేయాలని లెక్కల సారు సంఘం. అసలు రద్దే తగదని సోషల్ మేడమ్ సంఘం. రద్దు తమ పాత డిమాండేనని, చేసిన పద్ధతి మాత్రం దుర్మార్గమని హిందీ పండిట్ గారి సంఘం. నాలుగోది నాది. మా రాష్ట్ర కమిటీ ఇంకా ఏమీ చెప్పలేదు కనుక నాకు అభిప్రాయం లేదు. పదకొండు గంటలకు ‘ఖండిస్తున్నాం’ అనే మాట దగ్గర బండి ఆగింది. పన్నెండుకు ‘స్వాగతిస్తూనే ఖండిస్తున్నాం’ అని రాజీ కుదిరింది. ముందు ఖండించి తరువాత స్వాగతించాలని హిందీ పండిట్ గారు పట్టుబట్టడంతో ప్రకటన ఆలోచన విరమించుకున్నాం. చివరికి అందరూ ఒప్పుకున్నది, అక్షరమే అక్కర్లేని నల్ల బ్యాడ్జీకి. మధ్యాహ్న భోజన విరామంలో వరండాలో పావుగంట నిరసన. బ్యాడ్జీల బాధ్యత, అభిప్రాయం లేనివాడిని కాబట్టి, నాకు అప్పగించారు.

అర్ధరాత్రి నల్ల గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో నల్లగా ఉన్నది మా ఆవిడ పట్టుచీర ఒక్కటే. దాని వైపు చూసినట్లు కూడా ఆమెకు తెలియకూడదు. అప్పుడు గుర్తొచ్చింది, మా ల్యాబు తలుపు వెనక మేకుకు వేలాడే గొడుగు. మే నెలలో లోక్‌సభ ఎన్నికలకు మా బడి పోలింగ్ కేంద్రం. పోలింగ్ సిబ్బందిలో ఎవరో మరిచిపోయి వెళ్లిన నల్ల గొడుగు అది. ఆరు నెలలుగా దిక్కూ దివాణం లేక వేలాడుతోంది.

శుక్రవారం ఎనిమిదింటికే బడికి వెళ్లాను. గొడుగు మేకుకే ఉంది. దుమ్ము లేకపోవడం చూసి, పారిశుధ్య పనులు చూసే ఆమె శ్రద్ధగా దులుపుతున్నట్లుందని మనసులో మెచ్చుకున్నాను. ఎనిమిది ఊచలు, ఎనిమిది త్రికోణాలు. ల్యాబులో కప్పలను కోయడం ఆగిపోయాక తుప్పు పట్టిన కత్తెర ఒకటుంది. దాన్ని నాపరాయి మీద నాలుగుసార్లు రుద్ది మొదటి త్రికోణం మధ్యలోకి దించాను. గొడుగు గుడ్డ చాలా టక్కరిది. కత్తెర వేసిన చోట నిలవక జారిపోతుంది. కోసిన అంచు చూస్తుండగానే పోగులు పోగులుగా విడిపోతుంది. స్పిరిట్ దీపం వెలిగించి ఒక్కో ముక్క అంచునూ మంటకు అలా అలా చూపిస్తే ముడుచుకుని గట్టిపడింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ ల్యాబులో ఇంత నిష్ఠగా నేను చేసిన ప్రయోగం మరొకటి లేదు. మూడు త్రికోణాలు ఖర్చయ్యేసరికి పదిహేడు బ్యాడ్జీలు తేలాయి. మిగిలిన గొడుగును మడిచి, తొడుగు తొడిగి, మళ్లీ మేకుకే తగిలించాను. ఎందుకు తగిలించానో ఇప్పటికీ తెలియదు. అలవాటు.

టీచర్లకు పదకొండే చాలు. కానీ అటెండర్, రికార్డ్ అసిస్టెంట్ తమకూ కావాలన్నారు. వంటచేసే అక్కలిద్దరూ గరిటెలతోనే వచ్చారు.

“దేనికి సారూ ఇవి?”

పరీక్షల సంస్కరణ గురించి రెండు నిమిషాలు చెప్పాను. పెద్దక్క ఓపికగా విని, “మా వంట బిల్లులు నెలల తరబడి రాలేదు. దానికీ కలిపి పెట్టుకుంటాం, ఇవ్వండి” అంది. ఆ రోజు ఆ నల్ల గుడ్డ పెట్టుకున్నవాళ్లలో సరైన కారణం ఉన్నది వాళ్లిద్దరికే అని నా లెక్క. పారిశుధ్య పనులు చూసే ఆమె కారణం అడగలేదు, పిన్నీసు మాత్రం అడిగింది.

పదిహేడోది హెచ్‌ఎం గారికి. ఆయన వచ్చి మూడు నెలలే అయింది. మనిషి నిక్కచ్చి. బడి పెద్దగా తాను పెట్టుకోకూడదని, ఒక ఉపాధ్యాయుడిగా పెట్టుకోకుండా ఉండలేనని చెప్పి, దాన్ని చొక్కా జేబులో సగం లోపలికి, సగం బయటికి ఉండేలా దోపుకున్నారు. తరువాత వేళ్లతో తడిమి చూశారు.

“గుడ్డ గట్టిగా ఉంది సార్. ఎక్కడ కొన్నారు?”

“కొనలేదు సార్, ఉన్నదే.”

“మంచిది. అనవసరపు ఖర్చు ఉండకూడదు.”

భోజన విరామంలో వరండాలో వరసగా నిలబడ్డాం. ఆరో తరగతి పిల్లవాడొకడు అన్నం పళ్లెం పట్టుకుని వచ్చి, నా జేబు వైపు చూసి, గొంతు తగ్గించి, “ఎవరు పోయారు సార్?” అన్నాడు. ఇరవై మార్కులని చెప్పాను. వాడు తల ఊపి, గుడ్డు తింటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చివరి పీరియడ్లలో ఫోన్లు మళ్లీ కొట్టుకున్నాయి. ఉత్తర్వు సవరించారు. ఈ ఏడాదికి పాత పద్ధతే, 80కి పరీక్ష, 20 ఇంటర్నల్స్. కొత్తది 2025-26 నుంచి. ఇరవై నాలుగు గంటలు తిరగలేదు! తమ సంఘం ఒత్తిడి వల్లే సాధ్యమైందని నాలుగు సంఘాల నుంచీ నాలుగు ప్రకటనలు పావుగంటలో వచ్చాయి. మా వరండా వల్లే అయిందని పీఈటీ సారు. ఆయన గొంతు హైదరాబాదు దాకా వినబడుతుందన్నది నిజమే గాని, ఆ పావుగంటా ఆయన మౌనంగానే నిలబడ్డారు.

సాయంత్రం బడి వదిలారు. హెచ్‌ఎం గారు తన గది వైపు కాకుండా నా ల్యాబు వైపు నడవడం చూసి, అభినందించడానికి వస్తున్నారనుకున్నాను. ఆయన తలుపు వెనక చెయ్యి పెట్టి గొడుగు తీసుకున్నారు.

“ఆఫీసు గదికి సున్నాలు వేస్తున్నారు కదా సార్. నిన్నటి నుంచి నా సామాను ఇక్కడే పెట్టాను.”

నల్ల గొడుగులన్నీ పుట్టుకతోనే కవలలు. ఎన్నికల గొడుగును అటెండర్ వానాకాలంలోనే ఇంటికి పట్టుకెళ్లాడని నాకు తెలిసింది తరువాత.

నవంబరులో గొడుగు ఎందుకని మీరు అడగవచ్చు. మా వైపు గొడుగు వానకూ ఎండకూ కాదు, కోతులకు. బడి గేటు నుంచి బస్సు స్టేజీ దాకా రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు, వాటి నిండా కోతులు. చేతిలో సంచి ఉంటే చాలు, దిగిపోతాయి. హెచ్‌ఎం గారు దీనికొక విధానం కనిపెట్టారు. పది అడుగుల దూరం రానిచ్చి, గొడుగును కోతి ముఖానికి ఎదురుగా పట్టి, మీట నొక్కుతారు. ఫట్! ఉన్నట్టుండి అంత పెద్ద నల్లటి చక్రం విచ్చుకునేసరికి మంద మొత్తం చెట్టెక్కుతుంది. మూడు నెలలుగా ఒక్క రోజు కూడా గురి తప్పలేదు. పిల్లలు గేటు దగ్గర నిలబడి చూసేవాళ్లు.

ఆ రోజు ఆయన చేతిలో వంటక్క ఇచ్చిన జామకాయల సంచి ఉంది. నేను చెప్పేద్దామని వెనకే పరుగెత్తాను. నోరు పెగల్లేదు. పిట్టగోడ మీద ఉన్న గండు కోతి దిగింది. హెచ్‌ఎం గారు ఆగారు. గొడుగు ఎత్తారు. ఫట్!

చక్రం విచ్చుకుంది. దానికి మూడు కిటికీలు. నడి కిటికీలోంచి హెచ్‌ఎం గారు కోతిని చూశారు. అవతలి నుంచి కోతి హెచ్‌ఎం గారిని చూసింది. ఇద్దరిలో ముందు తేరుకున్నది కోతే. కిటికీలోంచి చెయ్యి చాపి, జేబులోంచి పైకి కనిపిస్తున్నది లాక్కుంది. రెండోది వెనక నుంచి జామకాయల పని చూసింది. మొదటిది గోడ మీదికెక్కి ఆ నల్ల గుడ్డను వాసన చూసి, కొరికి, చివరికి చేత్తో పట్టుకుని మా వైపు తిరిగి కూర్చుంది. మా నిరసనలో అది పద్దెనిమిదోది.

శనివారం ఉదయం స్టాఫ్ మీటింగు. బల్ల మీద తెరిచి పెట్టిన గొడుగు. హెచ్‌ఎం గారు మాట్లాడకుండా లెక్కల సారు జేబు మీది బ్యాడ్జీని విప్పి, కిటికీ అంచుకు ఆనించి చూశారు. అతికినట్లు సరిపోయింది.

“ఇది ఎవరి పని?”

గోడ గడియారం వినబడింది. నేను లేవబోయాను. ఈలోగా లెక్కల సారు లేచారు.

“నేనే సార్. కొలతలు నావి.”

“కత్తెర నేను ఇచ్చాను” అన్నారు సోషల్ మేడమ్. ఆమె కత్తెర ఎప్పుడూ ఎవరికీ ఇవ్వదు.

అంచులు కాల్చింది తానేనని హిందీ పండిట్ గారు లేచారు. రాష్ట్ర స్థాయిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని సంఘాల వాళ్లు వరసగా లేస్తున్నారు. పీఈటీ సారు లేచి ఏం చెప్పాలో తోచక చేతులు కట్టుకుని నిలబడ్డారు. అసలు దోషం తనదేనని, ఎన్నికల గొడుగు సంగతితో మొదలుపెట్టి అటెండర్ కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర నుంచి పెద్దక్క, “నేను కూడా ఉన్నాను సారూ” అంది, ఎందులోనో అడగకుండానే. గురువారం రాత్రి ఒక్క వాక్యం మీద కుదరని ఐక్యత ఇదేనా అని నేను చూస్తుండిపోయాను.

ఇక నేనూ లేచాను. “సార్, నిజానికి కోసింది నేను.”

హెచ్‌ఎం గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. “మీరు కూర్చోండి సార్. మీ ల్యాబులో కత్తెరకు పదును ఉందని చెబితే నేను నమ్మాలా?”

మెమో ఇవ్వడానికి పేరు దొరకలేదు. పదహారు పేర్లకు ఇవ్వాలంటే ఆఫీసులో కాగితం లేదు. ఆయన చాలాసేపు గొడుగును తిప్పి తిప్పి చూసి, “ప్రాజెక్టు పని అయిదుకు అయిదు. అంచులు చక్కగా వచ్చాయి. ప్రతిస్పందన మాత్రం కోతిదే బాగుంది” అని లేచిపోయారు.

తలా ముప్ఫై వేసుకున్నాం. వంటక్కలు కొంగు ముడి విప్పబోతే వద్దన్నాం, బిల్లులు వచ్చాక చూద్దామని. మూడు వందల ముప్ఫై అయింది. జగిత్యాలలో గొడుగు మూడు వందల యాభై. తక్కువైన ఇరవై హెచ్‌ఎం గారే తీసి ఇచ్చారు, రసీదు తెమ్మని చెప్పి.

మరుసటి ఏడాది ఆగస్టు. స్టాఫ్ రూములో టీ తాగుతున్నాం. లెక్కల సారు ఫోను చూసి, “ఇంటర్నల్స్ మీద మళ్లీ ఉత్తర్వు వచ్చిందట” అన్నారు. ఉంచారా తీసేశారా అని మేం అడిగేలోపే హెచ్‌ఎం గారు గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి, మేకుకున్న గొడుగు తీసి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చారు.

“ఇప్పుడు చదవండి సార్” అన్నారు.