దయ్యం సంగతి తర్వాత, ముందు ఆ మనిషెవరో చెప్పండి

దయ్యం కథలంటే నాకు ప్రాణం. అందుకే ఈ కోపం. ఈమధ్య ఏది తెరిచినా ఒకటే వరస. పాడుబడ్డ బంగళా, అమావాస్య, సిటీ నుంచి సరదాకి వెళ్ళిన నలుగురు ఫ్రెండ్స్, నాలుగో పేజీకల్లా ఒకడు ఫట్. వాడికి అప్పులున్నాయా, అమ్మతో మాటలున్నాయా, దేనికి సిగ్గుపడతాడు, ఎవరిని మోసం చేశాడు, ఒక్కటీ తెలీదు. ముక్కూ మొహం తెలీనివాడు పోతే నాకెందుకండీ భయం? మనకి దగ్గరైన మనిషికి ఏమైపోతుందో అన్న టెన్షన్ ఉంటేనే భయం. ఆ దగ్గరితనం కల్పించే ఓపిక రచయితకి లేకపోతే ఎన్ని తలుపులు కిర్రుమన్నా దండగే.

అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవ్డ్' (1987) చదవనివాళ్ళు దయచేసి చదవండి. అమెరికాలో బానిసత్వం రద్దయిన తర్వాత, 1873లో, సిన్సినాటి ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంట్లో పసిపిల్ల దయ్యం ఉందని ఆవిడ మొదట్లోనే చెప్పేస్తుంది. దాచి దాచి చివర్లో బయటపెట్టే ప్రయత్నమే లేదు. ఇంట్లోవాళ్ళకీ తెలుసు, చుట్టుపక్కల వాళ్ళకీ తెలుసు. అద్దం పగలడం, వస్తువులు ఎగరడం వాళ్ళకి మామూలైపోయింది. ఇక కథ ఏం మిగిలింది అంటారా? సేథ మిగిలింది. బానిసగా ఉన్న చోటు నుంచి నిండు గర్భిణిగా పారిపోయి వచ్చిన తల్లి. నెల తిరక్కుండానే తననీ పిల్లల్నీ పట్టుకుపోవడానికి మనుషులొస్తే, ఆ బతుకు పిల్లలకి వద్దని తన చేతులతోనే కూతుర్ని చంపుకుంది. ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే ఆవిడ కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటి చేరింది, వెంటాడి పట్టుకునే సమయానికి రెండేళ్ళ కూతుర్ని చంపేసింది. మారిసన్ నవలకి బీజం అక్కడుంది.

ఆ నవలలో ఒక చోటు ఉంది, చదివి చాలా కాలమైనా నన్ను వదల్లేదు. పాప సమాధి రాయి మీద ఒక మాట చెక్కించాలి. సేథ దగ్గర డబ్బుల్లేవు. చెక్కేవాడికి పది నిమిషాలు తన ఒళ్ళు అప్పగిస్తుంది. దానికి వచ్చినవి ఇంగ్లీషులో ఏడక్షరాలు, 'బిలవ్డ్' అని. ఇంకో పది నిమిషాలు ఓర్చుకుంటే ఇంకో మాట కూడా చెక్కి ఉండేవాడేమో, అడగాల్సింది అని తర్వాత బాధపడుతుంది. అంతే. ఇందులో దయ్యం లేదు, రక్తం లేదు. కానీ ఈ తల్లి ముందుకి ఆ కూతురు పెద్దపిల్ల రూపంలో తిరిగొచ్చి కూర్చుని, తీపి కావాలి, కథలు కావాలి, నువ్వు మొత్తంగా నాకే కావాలి అని అడుగుతుంటే మనం "వెళ్ళగొట్టు దాన్ని" అనలేం. సేథ పక్కన చేరి మనమూ పెడుతూనే ఉంటాం. ఉద్యోగం పోతుంది, తిండి అయిపోతుంది, తల్లి చిక్కిపోతుంది, వచ్చిన పిల్ల ఒళ్ళు చేస్తుంది.

అప్పుడు కాపాడేది ఎవరు? ఏ భూతవైద్యుడూ కాదు. ఏళ్ళ తరబడి ఆ గడప దాటని చిన్న కూతురు డెన్వర్ బయటికొచ్చి "మాకు తినడానికి లేదు" అని ఒకావిడకి చెప్పుకుంటుంది. అక్కణ్ణుంచి పెరట్లో గిన్నెలు కనబడతాయి. ఎవరు పెట్టారో తెలిసేలా పేర్లు రాసిన కాగితం ముక్కలతో. ఒకప్పుడు ఈ ఇంటి గుమ్మం తొక్కనన్న ఆడవాళ్ళే వంటలు పంపుతారు, చివరికి అందరూ కలిసి ఇంటి ముందుకొచ్చి గొంతెత్తి పాడతారు. ఆ దయ్యం వెళ్ళే పద్ధతి ఆ మనుషులకే చెల్లింది, ఇంకే ఊళ్ళో పెట్టినా అతకదు. ఈ పుస్తకానికి 1988లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రాకపోయినా నేను ఇంతే గట్టిగా చెప్పేదాన్ని.

ఆక్టేవియా బట్లర్ నవల 'కిండ్రెడ్' (1979) ఇంకో రకం. 1976 కాలిఫోర్నియాలో ఉన్న డేనా అనే నల్లజాతి యువతి ఉన్నట్టుండి పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్‌లో పడుతుంది. యంత్రం లేదు, మంత్రం లేదు, ఎలా జరిగిందో రచయిత్రి చివరిదాకా చెప్పదు. కానీ లెక్క మాత్రం చాలా గట్టిది. రూఫస్ అనే తెల్లపిల్లవాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఈమె అక్కడికి లాగబడుతుంది. తన ప్రాణం మీదికి వస్తేనే వెనక్కి. ఆ పిల్లవాడు బానిసల యజమాని కొడుకు, పైగా ఈమె వంశానికి మూలపురుషుల్లో ఒకడు. వాణ్ణి బతికించకపోతే తను పుట్టదు. బతికిస్తే వాడు పెరిగి ఏం చేస్తాడో కళ్ళారా చూడాలి. అతీంద్రియం అంటే ఇదీ. మనిషి మెడకి చుట్టుకున్న చిక్కుముడే మాయ అయి కూర్చుంది. ఇందులో డేనా స్థానంలో మరొకరిని పెడితే కథే లేదు.

అందుకే "కథలో వైవిధ్యం ఏంటండీ, కథ బాగుంటే చాలదా" అనేవాళ్ళతో నాకు పడదు. ఏ మనిషి, ఏ ఇల్లు, ఏ కులం, ఏ పని, ఎవరి చేతిలో ఏం పోగొట్టుకుంది, ఇవి మారితే దయ్యమే మారిపోతుంది. ఇవేవీ లేని దయ్యానికి తెల్లచీర తప్ప ఏం మిగులుతుంది?

మరి మన దగ్గర? వారపత్రికల రోజుల్లో యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమిలో వస్తుంటే జనం వారం వారం ఎదురుచూశారు. చిన్నపిల్ల ప్రాణం, తల్లిదండ్రుల నలుగుడు, ఇది జబ్బా చేతబడా అన్న ఊగిసలాట, వాటితో పాఠకుణ్ణి కట్టిపడేశాడాయన. నా గొడవ దాని వెనకే వచ్చిన కుప్పతెప్పల నకళ్ళతో. వాటిల్లో మంత్రగాడు అంటే ఎర్రకళ్ళు, జడలు కట్టిన జుట్టు, అడవి పక్క గుడిసె. వాడికి పెళ్ళాం ఉందా, పిల్లకి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోతాడు, ఊళ్ళో దుకాణంలో వాడికి అరువిస్తారా, ఎవరూ అడగరు. అడవిలో ఉండే గిరిజనులంటే నరబలి, ముస్లిం బాబా అంటే నెమలీకలు సాంబ్రాణి పొగ, అంతే. పేజీ మీద ఇది భయపెట్టే సరుకు, ఊళ్ళో మాత్రం ప్రాణాలు తీసే అనుమానం. చేతబడి చేశారని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనకి కొత్త కాదు. బాణామతి అనుమానంతో, మంత్రం పలక్కుండా ఉండాలని పళ్ళు ఊడగొట్టిన ఊళ్ళున్నాయి తెలంగాణలో. ఇలా పళ్ళు పోయిన మనిషి వైపు నుంచి ఒక కథ రాయండి. ఆ మనిషి తర్వాత అన్నం ఎలా తింది, మనవరాలికి పాట ఎలా పాడింది. అందులో దయ్యం వస్తే ఎవరి ఇంటికి పోతుందో మీకే తెలుస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. ఈమధ్య కొందరు లెక్క సరిపోవాలని ఒక దళిత ఫ్రెండ్‌నీ, ఒక ముస్లిం ఫ్రెండ్‌నీ కథలో పెడుతున్నారు. వాళ్ళు ఎప్పుడూ మంచివాళ్ళే, హీరో కోసం చచ్చిపోవడమే వాళ్ళ పని. ఇది గౌరవం అనుకుంటున్నారు కాబోలు. సేథని చూడండి, మొండిది, గర్విష్ఠి, బతికున్న కూతుర్ని పట్టించుకోదు. మారిసన్ తప్పు చేసే హక్కు ఇచ్చింది కాబట్టే సేథ మనిషిలా నిలబడింది. సినిమాల్లో 'మసూద' (2022) నాకు ఎందుకు నచ్చిందంటే, భర్తకి దూరంగా కూతురితో బతుకుతున్న ముస్లిం టీచర్ ఇంటిని అది మన పక్క వాటాలాగే చూపించింది. సాయానికి వచ్చే కుర్రాడు పిరికివాడు, ఆ పిరికితనంతోనే వస్తాడు.

నిజానికి ఇలాంటి కథలకి మనకి కొరత లేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ వినండి. అత్త ఆరళ్ళు, మొగుడు గోపయ్య పశువులు తోలుకుని దూరాన ఉండగా జబ్బుచేసి పశువుల పాకలో పడి ఉండటం, దిక్కులేనప్పుడు పాపమాంబ వచ్చి సేవ చేయడం, పులి నోట పడ్డ మొగుడి కోసం ఆమె అగ్నిలోకి పోవడం. ఇప్పుడు ఆవిడ దేవత. మున్నేటి ఒడ్డున తిరనాళ్ళు జరుగుతాయి. అమ్మవారి కథలు చెప్పే బైండ్లవాళ్ళు పాడే ఎల్లమ్మ కథ ఒక దాంట్లో పరశురాముడు తల్లి తలతో పాటు ఆమెకి ఆశ్రయమిచ్చిన మాదిగింటి ఆడమనిషి తలా నరుకుతాడు, తిరిగి బతికించేటప్పుడు ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతుక్కుంటుంది. ఏం ఊహ అండీ అది! ఆ రెండు ఒళ్ళూ మర్నాడు ఏ ఇంటికి పోయాయి, ఏ బావిలో నీళ్ళు తోడుకోనిచ్చారు, రాత్రి పిల్లవాడు ఎవర్ని అమ్మా అన్నాడు? ఈ ఒక్క ప్రశ్న మీద నవల నడుస్తుంది.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం రోజు పచ్చికుండ మీద నిలబడి భవిష్యత్తు చెప్పే ఆవిడని టీవీలన్నీ చూపిస్తాయి. అలాంటి ఒకావిడని పాత్రగా తీసుకుని, మిగతా సంవత్సరమంతా ఆమె ఏం చేస్తుంది, వీధిలో ఎవరు ఎలా పలకరిస్తారు, అమ్మవారు పలకని ఏడాది వస్తే ఏం చేస్తుంది అని ఎవరైనా రాస్తే బాగుండు. ఇప్పటికే రాసినవాళ్ళుంటే కింద పేరు చెప్పండి, తెప్పించుకుని చదువుతాను. బంగళా, అమావాస్య, నలుగురు ఫ్రెండ్స్ మాత్రం పంపొద్దు, ప్లీజ్.