జైలు నుంచి వచ్చినవాడికి పని సరే, వాటా ఏదీ?

చంచల్‌గూడలో జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుకు హైదరాబాద్‌లో మంచి పేరుంది. కొలత తగ్గదని, కల్తీ ఉండదని జనం నమ్మకం. అక్కడ పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి శిక్ష అనుభవిస్తున్న ఖైదీ కావచ్చు, విడుదలై వచ్చినవాడు కావచ్చు. మనం నోటు చేతిలో పెడతాం, చిల్లర లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుంటాం. అదే మనిషి రేపు ఊరి చివర ప్రైవేటు బంకుకు వెళ్లి పని అడిగితే, యజమాని మొదట అడిగేది పోలీస్ వెరిఫికేషన్ కాగితం. అద్దె ఇంటికి వెళ్తే కులం అడిగే ఓనరు, జైలు సంగతి తెలిస్తే అసలు తలుపే తీయడు. మనం నమ్మింది ఆ మనిషిని కాదు, అతని వెనకున్న జైళ్ల శాఖను.

శాఖ చేస్తున్నది చిన్న పనని నేననను. బంకులు, ఖైదీలు తయారుచేయగా 'మై నేషన్' పేరుతో అమ్మే సరుకులు ఎందరికో కూడు పెట్టాయి. కానీ ఆ పని ఎవరికివ్వాలి, జీతమెంత, ఎప్పుడు మానిపించాలి అన్నవన్నీ పై అధికారుల చేతిలోనే ఉంటాయి. ఈ విషయంలో కొన్ని దేశాలు మనకంటే ఒక అడుగు ముందుకు వేశాయి. బయటికొచ్చినవాడికి పని ఇవ్వడంతో ఆగకుండా, ఆ వ్యాపారంలో వాటా, ఓటు కూడా ఇచ్చాయి.

అమెరికాలో ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలియాలంటే 2003లో వెలువడిన ఒక అధ్యయనం చూడాలి. సామాజికవేత్త దేవా పేజర్ మిల్వాకీ నగరంలో యువకుల్ని జంటలుగా ఉద్యోగాల వేటకు పంపింది. చదువూ, అనుభవమూ ఒకటే, తేడా ఒక్క జైలు మచ్చ. మచ్చలేని తెల్లవాళ్లలో 34 శాతం మందికి పిలుపు వచ్చింది, మచ్చ ఉన్నవాళ్లలో 17 శాతానికి. నల్లవాళ్లలో మచ్చలేనివారికి 14 శాతం, ఉన్నవారికి 5. అంటే ఏ నేరమూ చేయని నల్ల యువకుడి కంటే జైలుకెళ్లొచ్చిన తెల్ల యువకుడికే ఎక్కువ పిలుపులు. మన దగ్గర ఇలాంటి పరీక్ష పెడితే తెలుపు, నలుపు బదులు ఏం రాయాలో నేను చెప్పక్కర్లేదు.

అదే అమెరికాలో క్లీవ్‌లాండ్ ఒకప్పుడు ఉక్కు నగరం. ఫ్యాక్టరీలు మూతపడ్డాక పేదపేటలు మిగిలాయి, వాటి పక్కనే క్లీవ్‌లాండ్ క్లినిక్ లాంటి పెద్దాసుపత్రులు వేల కోట్లకు ఎదిగాయి. ఆసుపత్రి దుప్పట్లు ఎవరో ఒకరు ఉతకాలి కదా, ఆ పని పక్క పేటవాళ్లే ఎందుకు చేయకూడదన్న ప్రశ్న నుంచి 2009లో ఎవర్‌గ్రీన్ కోఆపరేటివ్ లాండ్రీ మొదలైంది. జైలు చరిత్ర ఉందని అక్కడ ఎవరినీ తిప్పి పంపరు. పని గొప్పదేమీ కాదు. రక్తం మరకలున్న దుప్పట్లు వేరుచేయాలి, ఉతకాలి, వేడి ఇస్త్రీ యంత్రాల మధ్య నిలబడి మడతలు పెట్టాలి. కొత్తగా చేరినవాడు కొన్ని నెలలు కుదురుగా పనిచేస్తే అతన్ని సభ్యుడిగా తీసుకోవాలా వద్దా అని తోటి కార్మికులు ఓటేస్తారు. ఒప్పుకుంటే, మొదట పెట్టుకున్న పద్ధతి ప్రకారం గంటకు 50 సెంట్ల చొప్పున జీతంలోంచి పట్టుకుంటారు. మూడేళ్లలో 3,000 డాలర్ల వాటా అవుతుంది.

జీతం చీటీలో ఆ కోత దగ్గర నేను ఆగిపోయాను. కోత అంటే మనకు పీఎఫ్, అడ్వాన్సు, ఏజెన్సీవాడి కమీషన్. ఇక్కడ కోత పడేకొద్దీ మనిషి యజమాని అవుతున్నాడు. ఏడాది చివర లాభం వస్తే అతని ఖాతాలో కూడా కొంత పడుతుంది. మేనేజర్ పనితీరు మీద మాట్లాడే హక్కు ఉంటుంది. జైల్లో ఏళ్ల తరబడి నంబరుగా బతికినవాడికి చేయెత్తి ఓటేయడం మామూలు సంగతి కాదు.

ఇల్లు కూడా ఈ దారిలోనే వచ్చింది. చుట్టుపక్కల పాడుబడ్డ ఇళ్లను బాగుచేయించి ఉద్యోగులకే అమ్మారు. వాయిదా జీతంలోనే కట్, నాలుగైదేళ్లకు ఇల్లు సొంతం. ప్రిజన్ పాలసీ ఇనిషియేటివ్ అనే పరిశోధన సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం, అమెరికాలో జైలుకెళ్లొచ్చినవారు గూడు లేకుండా పోయే ప్రమాదం మిగతావారికంటే దాదాపు పది రెట్లు. రాత్రి ఎక్కడ పడుకుంటాడో తెలియనివాడు పొద్దున ఆరింటి షిఫ్టుకు ఎలా వస్తాడు?

ఎవర్‌గ్రీన్‌ను ఆకాశానికెత్తేవాళ్లు సాధారణంగా వదిలేసే విషయమొకటుంది. క్లీవ్‌లాండ్ క్లినిక్ తన సొంత లాండ్రీ కేంద్రాన్ని నడిపే బాధ్యత వీళ్లకు అప్పగించింది 2018లో. అంటే తొమ్మిదేళ్ల తర్వాత. మొదటి రోజు నుంచీ వెన్నుతట్టిన పక్కింటి ఆసుపత్రి దగ్గరే ఇంత ఆలస్యమైంది. ఎంత మంచి మనసున్నా టెండర్ టెండరే. పైగా ఎవర్‌గ్రీన్ పథకం గీసింది ఫౌండేషన్లూ, నగరపాలకులూ, ఆసుపత్రులూ. 2020లో షికాగోలో మొదలైన చిఫ్రెష్ కిచెన్ అలా కాదు. జైలు నుంచి వచ్చినవాళ్లే, ముఖ్యంగా నల్లజాతి మహిళలు, కలిసి పెట్టుకున్న వంటశాల అది. మొదటిదాని బలం పెట్టుబడి, రెండోదాని బలం నిర్ణయాల మీద పట్టు. రెండూ ఒకేచోట ఇంకా సరిగా కలవలేదనే నా అభిప్రాయం.

పని, ఇల్లు సరే, జైలు మనసుకు చేసే గాయం సంగతికి వస్తే నాకు ఇటలీలోని ట్రియెస్టే పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. అక్కడి రోగులు ఏళ్ల తరబడి వార్డులు ఊడ్చేవారు. జీతం ఉండేది కాదు, దాన్ని చికిత్స అనేవారు. 1970ల తొలినాళ్లలో, మనోవైద్యుడు ఫ్రాంకో బసాలియా డైరెక్టరుగా ఉండగా, వాళ్లే సహకార సంఘంగా ఏర్పడి అదే వార్డులు, అదే చీపురుతో కూలిరేటుకు ఊడ్చారు. ఆ దారిలో వచ్చిన చట్టమే 1991 నాటి 381వ నంబరు చట్టం. ఉపాధి కోసం పెట్టే సామాజిక సహకార సంఘాల్లో కనీసం 30 శాతం మంది అవకాశాలు అందనివారై ఉండాలంది. 2000లో వచ్చిన స్మురాలియా చట్టం ఖైదీలకు పని ఇచ్చేవారికి పన్ను రాయితీ ఇచ్చి, విడుదలయ్యాక కూడా కొన్ని నెలలు కొనసాగించింది. పాదువా జైల్లో జొత్తో సంఘం తయారుచేయించిన పానెత్తోనె కేకులు క్రిస్మస్ బజారులో పేరు తెచ్చుకున్నాయి.

ఇదంతా విదేశీ ముచ్చట అనుకునేవాళ్లు బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వెళ్లి చూడాలి. పని, ఇల్లు, మనసు బాగుచేయడం అనే మూడింటినీ కలిపి ఇచ్చిన ప్రయోగం మన నేల మీద వందేళ్ల కిందటే జరిగింది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి, సెటిల్‌మెంటు కట్టారు. ఇళ్లిచ్చారు, భూమి చూపించారు, చీరాల పొగాకు కంపెనీలో కూలి ఇప్పించారు, ప్రార్థనలు నేర్పారు. దానితోపాటు హాజరుపట్టీ కూడా పెట్టారు. అనుమతి లేకుండా ఊరు దాటితే నేరం. చట్టం దేశమంతటా 1952కల్లా పోయింది కానీ ఊరిపేరు చెబితే కనుబొమ్మలు ఎగరేసే అలవాటు ఇంకా పోలేదు. అన్నీ ఇచ్చి, నిర్ణయం మాత్రం ఇవ్వకపోతే సంస్కరణ ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మన దేశ జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాకుండానే ఏళ్లు లోపలుండి బెయిలుపై వస్తారు. నెలకోసారి కోర్టు వాయిదా. సెలవడిగిన రెండోసారికే సూపర్‌వైజరు ముఖం మారుతుంది, మూడోసారికి పనిలోకి రావద్దంటాడు. అందరికీ వాయిదాలున్న సంఘంలో షిఫ్టు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. వాటా అనే మాట ఇక్కడ ఎంత మామూలుగా, ఎంత సూటిగా పనికొస్తుందో చూడండి.

చట్టం లేదనడానికి వీల్లేదు. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లోనే వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. ఒక వర్గానికి ఒక వృత్తిని కట్టబెట్టడమూ మనకు కొత్త కాదు. చెరువులో చేపల హక్కు మత్స్యకార సంఘానికి, కల్లు మామ్లా, అంటే కల్లు గీసి అమ్మే హక్కు, గీత కార్మిక సంఘానికి ఇస్తూనే ఉన్నాం. సంఘాల్లో పెత్తందార్లు చేరతారు, లెక్కలు తారుమారవుతాయి, నిజమే. పాల సంఘాల నుంచి ప్యాక్సుల (ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల) దాకా ఎన్ని చూడలేదు! విడుదలైనవాళ్ల సంఘం దానికి అతీతమని నమ్మించబోను. ఏటా ఆడిట్, నిజమైన ఎన్నికలు లేకపోతే అదీ మూడేళ్లలో ఒకడి జేబులోకి వెళ్తుంది.

మరి కొనేవాడెవరు? సర్కారు ఆసుపత్రుల దుప్పట్లున్నాయి, హాస్టళ్ల వంటలున్నాయి, పారిశుధ్యం పనులున్నాయి. ఇవాళ చాలాచోట్ల అవి ఏజెన్సీల చేతుల్లో ఉన్నాయి, జీతాల కోసం కార్మికులు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. టెండరులో గత మూడేళ్ల టర్నోవరు చూపమంటే, నిరుడు జైల్లో ఉన్నవాడు ఏం చూపిస్తాడు? ప్రయోగంగా ఒక్క జిల్లా ఆసుపత్రి లాండ్రీని ఈ నిబంధన నుంచి తప్పించి, అయిదేళ్లకు ఒక సంఘానికి రాసివ్వండి. దీనికి అసెంబ్లీ అక్కర్లేదు, ఒక జీవో చాలు.